సున్నుండకు కొత్త కొలత

‘పంచదార లేదు, బెల్లం లేదు’ అని పెట్టె మీద పెద్దక్షరాలతో రాసిన సున్నుండలు ఇప్పుడు షాపుల్లో దొరుకుతున్నాయి. తీపంతా ఖర్జూరానిదేనట. ఖర్జూరంలో ఉన్నదీ చక్కెరే కదా అంటే ఆ పెట్టె ఏం చెబుతుందో!

మా అక్క కూతురిదీ అదే మాట. “పిన్నీ, బెల్లం బదులు ఖర్జూరం వెయ్యి, పిల్లాడికి మంచిది” అంది. వేసి చూపించాను. ఖర్జూరంలో తడి ఉంటుంది కాబట్టి ఉండ నోట్లో కరగదు, పళ్లకు పట్టుకుంటుంది. నెలరోజులు డబ్బాలో ఉండాల్సిన సరుకు ఫ్రిజ్ ఎక్కాల్సి వస్తుంది. అలాగని బెల్లాన్ని వెనకేసుకు రాను. 100 గ్రాముల పంచదారలో 400 కేలరీలుంటే, బెల్లంలో 380 దాకా ఉంటాయి. షుగరున్నవాళ్లకు రెండూ ఒకటే. బెల్లం వేసేది రుచికి.

అసలు లాభం పప్పులో ఉంది. తెల్లటి ఛాయమినప్పప్పు వచ్చాక మనం పొట్టు మినుముల్ని మరిచిపోయాం. మాంసకృత్తులు రెండింట్లోనూ కాస్త అటూ ఇటూగా ఉన్నా, పీచులో చెప్పుకోదగ్గ భాగం పొట్టుతోనే పోతుంది. అందుకే నేను మళ్లీ పొట్టు మినుములకే వచ్చాను. వేయించడం మాత్రం ఓపిక పని. పైన నలుపు కాబట్టి రంగు చూసి వేగాయని చెప్పలేం. మంట పెంచితే పొట్టు మాడుతుంది, లోపల పచ్చివాసన అలాగే ఉంటుంది. సన్నటి సెగ మీద కలుపుతూ, మధ్యమధ్యలో ఒక గింజ కొరికి చూడాలి. కరుక్కుమని విరిగి, లోపల లేత గోధుమరంగు కనిపిస్తే దించేయొచ్చు. పూర్తిగా చల్లారాకే మరపట్టాలి, అదీ కాస్త బరకగా. మరీ మెత్తనైతే అంగిలికి అతుక్కుంటుంది.

మా అమ్మ కిలో పిండికి కిలో బెల్లం వేసేది. నేను అరకిలోతో ఆపేస్తాను. బెల్లం తగ్గితే ఉండ విడిపోతుంది కనుక, వేయించిన నువ్వులు గుప్పెళ్లకొద్దీ కలిపి దంచుతాను. వాటి నూనె పిండిని పట్టి ఉంచుతుంది, నెయ్యీ కొంత కలిసొస్తుంది. ఉండ కూడా నిమ్మకాయంత కాదు, ఉసిరికాయంత.

నెయ్యి బొత్తిగా మానేసి పాలు చిలకరించి చుట్టేవాళ్లూ ఉన్నారు. అవి ఆ పూటకే, మర్నాటికి వాసనొస్తాయి. కరిగిన వేడి నెయ్యి చెంచా చెంచాగా పోస్తూ, పిడికిట్లో పిండి నిలిచిందనిపించగానే ఆపేస్తే చాలు. ఆ ఆపడం దగ్గరే మా అక్క కూతురికీ నాకూ ఇంకా రాజీ కుదరలేదు. ఆవిడ ఒక చెంచా ముందే చెయ్యి పట్టుకుంటుంది.