98 శాతం కథలు, 54 శాతం బతుకులు

'శ్రీకాంత్' (2024, దర్శకుడు తుషార్ హీరానందానీ) హిందీ సినిమాయే గానీ కథ మనదే. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో, పుట్టుకతోనే చూపులేని శ్రీకాంత్ బొల్లా పదో తరగతి అయ్యాక సైన్స్ చదువుతానన్నాడు. నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకెళ్ళి గెలిచాడు, ఇంటర్లో 98 శాతం తెచ్చుకున్నాడు. ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు.

ఈ సినిమాని మడికొండలో మా ఇంట్లో ఓటీటీలో చూశాను. పక్కన నా చిన్నప్పటి దోస్తు. వాడికి పోలియో. సినిమా అయిపోగానే "మస్తుంది కదరా" అన్నాను. వాడు కొంచెంసేపు ఆగి, "మంచిగనే ఉంది గని, నాకు టెన్త్‌ల 54 శాతమే వచ్చింది. నేను కోర్టుకు పోతే గెలుస్తుంటినా?" అన్నాడు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ముందు సినిమాకి దక్కాల్సిన మెప్పు. రాజ్‌కుమార్ రావు శ్రీకాంత్‌ని దేవుణ్ణి చెయ్యలేదు. ఈ శ్రీకాంత్ జోకులేస్తాడు, గొప్పలు పోతాడు, రెండో సగంలో అహం తలకెక్కి తన మేలు కోరినవాళ్ళనే దూరం చేసుకుంటాడు. వైకల్యం ఉన్న పాత్రకి చెడ్డగా ఉండే స్వేచ్ఛ మన తెరమీద అరుదు. జాలి వద్దని చెప్పడమే కాదు, చాలా సన్నివేశాల్లో సినిమా ఆ మాట మీద నిలబడింది కూడా.

తేడా కొట్టింది కోర్టు దగ్గర. కేసు గెలవడం సినిమాలో ఒక మలుపు, అంతే. తర్వాత వచ్చే మార్కులు ఆ తీర్పుకి సమర్థన అయిపోతాయి. చూశారా, ఇంత తెలివైనవాణ్ణి ఆపబోయారు అని మనం చప్పట్లు కొడతాం. మరి శ్రీకాంత్‌కి ఇంటర్లో అత్తెసరు మార్కులే వచ్చుంటే? తీర్పు తప్పయ్యేదా? నాకు ఇంజనీరింగ్‌లో మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఉండేది. కళ్ళుండీ నీకెందుకు సైన్స్ అని నన్నెవరూ అడగలేదు. హక్కంటే నెగ్గే అవకాశమొక్కటే కాదు, ఫెయిలై మళ్ళీ రాసుకునే అవకాశం కూడా. సినిమా ఆ హక్కుని ప్రతిభకిచ్చిన బహుమతిలా మార్చేసింది.

ఇది ఈ ఒక్క సినిమా జబ్బు కాదు. 'మయూరి' (1985)లో నాట్యం, 'సిరివెన్నెల' (1986)లో వేణువు, 'ఊపిరి' (2016)లో కోట్ల ఆస్తి. వైకల్యం పక్కన దాన్ని మరిపించే ఏదో ఒకటి పెడితే తప్ప మనకి హీరో దొరకడు. కాస్త నయం 'రంగస్థలం' (2018) చిట్టిబాబు. వినికిడి సరిగా లేని మామూలు మనిషి, పొలాలకి నీళ్ళు తోడే ఇంజన్‌తో బతుకుతాడు. 'దివ్యాంగులు' అనే మాటతో నా పేచీ కూడా ఇదే. దివ్యం కాకపోతే ర్యాంపు కట్టరా?

మామూలు మనిషి కోసం పనిచేసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ మీద సినిమాలు రావు. 1991 జనాభా లెక్కల్లో వైకల్యం గురించి ప్రశ్నే లేదు. 2001లోనూ ఉండేది కాదేమో. జావేద్ ఆబిది లాంటివాళ్ళు వెంటపడి ఆ ప్రశ్న పెట్టించారు. లెక్క 2.19 కోట్లు తేలింది. ఒక్క ప్రశ్న లేకపోతే అంతమంది కాగితం మీద లేనట్టే. ఇంతకన్నా పెద్ద క్లైమాక్స్ ఏం కావాలి?

చూపులేని రాజీవ్ రాతూరి సుప్రీంకోర్టులో 2005లో వేసిన కేసు చూడండి. బిల్డింగులు, బస్సులు అందరికీ అందుబాటులో ఉండాలన్నది అందులో అడిగింది. 2024 నవంబర్ 8న కోర్టు ఆ ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరి కావాలంది. ఆ తీర్పు వెనక మన హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసిన నివేదిక ఉంది. హన్మకొండ మనిషి మంద కృష్ణ మాదిగని మనం ఎమ్మార్పీఎస్‌తోనే గుర్తుపెట్టుకున్నాం. వికలాంగుల హక్కుల పోరాట సమితి పెట్టిందీ, గుండెజబ్బు పిల్లల ఆపరేషన్ల కోసం ఉద్యమం చేసిందీ ఆయనే. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కథ చెప్పేటప్పుడు ఆ పిల్లల్ని వదిలేసి చెప్తే అది సగం కథ.

ఇవన్నీ పిటిషన్లు, మీటింగులు, నివేదికలు. తెరమీద బోరు కొడతాయంటారు. కోర్టు డ్రామాలు చూసే మనకి బోరు కొట్టేది కాగితాలు కాదు. ఒక్కడు గెలిచే కథకి అలవాటుపడ్డాం, అందరికీ కొంచెం కొంచెం మారే కథ ఎలా చెప్పాలో ఇంకా నేర్చుకోలేదు. నష్టం సినిమాతో ఆగదు. ఇంటర్ పిల్లల్ని అడగండి, డాక్టర్, ఇంజనీర్, కలెక్టర్ అంటారు. వైకల్య హక్కుల లాయర్, ప్రజారోగ్య విధానాలు రాసే మనిషి అని ఎవరైనా అంటారా? కథల్లో చూడని ఉద్యోగాన్ని ఎవరూ కలగనరు.

నా సంగతే చెప్తాను. ఒక యాప్ పనిలో, స్క్రీన్ రీడర్‌కి బటన్ పేర్లు వినపడట్లేదని వచ్చిన టికెట్‌ని మూడు స్ప్రింట్లు వెనక్కి నెట్టాను. "వాడేవాళ్ళు ఎంతమంది ఉంటారులే" అనుకున్నా. ఏడుగురికీ ఏడువందలమందికీ జవాబు ఒకటే అయ్యుండాలని అప్పుడు తట్టలేదు.

మా దోస్తు ఇప్పుడు మీసేవ దగ్గర కూర్చుంటాడు. సదరం క్యాంపుకి స్లాట్లు బుక్ చేయిస్తాడు, ఏ కాగితం తక్కువైతే వెనక్కి పంపుతారో ముందే చెప్తాడు, చదువురానివాళ్ళకి దరఖాస్తులు రాసిపెడతాడు. చట్టం ప్రకారం 40 శాతం వైకల్యం తేలితేనే చాలావాటికి అర్హత. "నాకు రెండు శాతాలున్నయ్ రా" అన్నాడు ఆ రాత్రి, నవ్వుతూనే. "మార్కులల్ల 54, సదరంల 70. అక్కరకొచ్చింది రెండోదే."

తను చేసేదానికి ఒక పేరుందని వాడికి తెలీదు. తెలిసేలా మనం కథలు రాయలేదు.