మెట్స్‌గర్ ఇంజనుకు పూచీ ఎవరు?

పాత పోర్షే 911 బేరం కుదిరాక, సంతకాలు పెట్టే బల్ల దగ్గర అమ్మేవాడు ఇంకో కాగితం ముందుకు జరుపుతాడు. అది ఎక్స్‌టెండెడ్ వారంటీ. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటి అప్పు ఓ కొలిక్కి తెచ్చుకుని, చదువుకునే రోజుల్లో హాస్టల్ గోడకు అంటించుకున్న కారును ఇన్నాళ్లకు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కునే మనవాళ్లు తడబడేది అక్కడే. కారు ధర మీద వారాల తరబడి బేరమాడినవాడు ఈ వేల డాలర్ల కాగితం మీద రెండు నిమిషాల్లో సంతకం పెట్టేస్తాడు. లేదంటే అదే రెండు నిమిషాల్లో వద్దని తోసేస్తాడు.

వారంటీ కాగితం కంటే ముందు ఇంజనును చదవాలని నా వాదన. అందుకు పోర్షే 911 కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఎందుకంటే పదేళ్లపాటు ఒకే పేరు మీద, చూపుకు దాదాపు ఒకేలా ఉండే ఒంటిలో, రెండు వేరు వేరు ఇంజన్లు పెట్టి అమ్మారు. రెండింటి లోపలా ఒకే పని చేసే షాఫ్టు ఒకటుంది. దాన్ని పట్టి నిలబెట్టిన పద్ధతిలోనే ఉంది తేడా అంతా.

ముందు పెద్దాయన సంగతి. హాన్స్ మెట్స్‌గర్ 1929లో పుట్టాడు, 1956లో పోర్షేలో చేరాడు. 1960లలో మొదటి 911 ఆరు సిలిండర్ల ఇంజను రూపకల్పనలో ఆయన చెయ్యుంది. తర్వాత లె మాన్స్ రేసు గెలిచిన 917 కారుకు పన్నెండు సిలిండర్ల ఇంజను చేశాడు. 1984, 85, 86ల్లో మెక్‌లారెన్ డ్రైవర్లను వరసగా మూడుసార్లు ఫార్ములా వన్ ఛాంపియన్లుగా నిలబెట్టిన టాగ్ టర్బో ఇంజను కూడా ఆయనదే. 2020లో పోయాడు. 1999లో వచ్చిన మొదటి 911 జీటీ3లో, ఆ మరుసటి ఏడు వచ్చిన 911 టర్బోలో ఉన్నది ఆయన వంశపు ఇంజనే. 1998లో లె మాన్స్ గెలిచిన 911 జీటీ1 కారు ఇంజనుకు అది దగ్గరి చుట్టం. అందుకే ఆ కార్లవాళ్లు దాన్ని కోడ్ నంబరుతో పిలవరు, మెట్స్‌గర్ అనే అంటారు.

ఆ ఇంజను విప్పి చూస్తే క్రాంక్ షాఫ్టు కింద ఇంకో సన్నటి షాఫ్టు కనిపిస్తుంది. పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులు తెరుచుకోవాలి, మూసుకోవాలి. ఆ లయను క్రాంక్ షాఫ్టు నుంచి అందుకుని, గొలుసుల ద్వారా రెండు పక్కలా ఉన్న క్యామ్ షాఫ్టులకు చేరవేసేది ఈ మధ్య షాఫ్టే. మెట్స్‌గర్ ఇంజనులో దీన్ని క్రాంక్ షాఫ్టు పళ్ల చక్రంతో నేరుగా తిప్పుతుంది. షాఫ్టును మోసే బేరింగుల్లో ఉక్కు గుండ్లు ఉండవు. నున్నటి గాడిలోకి ఆయిలు ఒత్తిడితో వచ్చి, షాఫ్టుకూ గాడికీ మధ్య పల్చటి పొరలా నిలుస్తుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ లోహం లోహాన్ని తాకదు, కాబట్టి అరిగేదీ లేదు, వేడికి గట్టిపడి చిట్లే రబ్బరు సీలూ లేదు. ఆ పొర తెగకుండా చూసే ఏర్పాటూ అంతే పకడ్బందీగా ఉంటుంది. మామూలు ఇంజన్లలో ఆయిలు అడుగున ఉండే గిన్నెలోనే ఉంటుంది. రేసు ట్రాకు మీద పొడవాటి మలుపులో కారు వంగితే అదంతా ఒక పక్కకు చేరి, పంపు గాలి పీల్చుకునే ప్రమాదం ఉంది. మెట్స్‌గర్ ఇంజనులో ఆయిలుకు వేరే ట్యాంకు ఉంది. కిందికి జారిన ఆయిలును పంపులు ఎప్పటికప్పుడు తోడి ట్యాంకుకు పంపిస్తాయి. జీటీ3లో దీనికి టైటానియం కనెక్టింగ్ రాడ్లు తోడయ్యాయి. ఇదంతా 8,500 చుట్ల దగ్గర కూడా నిబ్బరంగా పనిచేయడానికే. ఖర్చు గురించి ఆలోచించకుండా ఇంజనీరును వదిలేస్తే ఎలా కడతాడో చూడాలంటే ఈ అడుగు భాగం చూస్తే చాలు.

రెండో ఇంజను పుట్టుక వేరు. 1990ల మొదట్లో పోర్షే దివాలా అంచున ఉంది. వెండెలిన్ వీడెకింగ్ పగ్గాలు పట్టి, టయోటా పద్ధతులు తెలిసిన జపాన్ నిపుణులను ఫ్యాక్టరీలోకి పిలిపించి, వృథా ఎక్కడుందో వెతికించాడు. 1996లో బాక్‌స్టర్, 1997లో 996 రకం 911 వచ్చాయి. నీటితో చల్లబడే మొదటి 911 అదే. రెండు కార్లకూ ఇంజను కుటుంబం ఒకటే, దాని పేరు ఎం96. 3.4 లీటర్లలో 300 హార్స్‌పవర్, నిదానంగా ఊరేగినా గొణగని స్వభావం: తీసిపారేయాల్సిన ఇంజనేం కాదు. ఇది లేకపోతే పోర్షే ఎవరో పెద్ద కంపెనీకి ఒక విభాగంగా చాలా ముందే మిగిలిపోయేదని నా అనుమానం. కానీ లెక్క చూసుకుని కట్టారు. ఆ లెక్క సరిగ్గా ఈ మధ్య షాఫ్టు మీద పడింది.

ఎం96లో షాఫ్టు ఫ్లైవీల్ వైపు చివర ఒక బాల్ బేరింగు మీద తిరుగుతుంది. లోపల గ్రీజు నింపి రెండు వైపులా సీలు వేసిన రకం. జీవితాంతం ముట్టుకోనక్కర్లేదన్నది ఉద్దేశం. అయితే చుట్టూ ఉన్నది వేడి ఆయిలు. ఏళ్లు గడిచేకొద్దీ సీలు గట్టిపడుతుంది, ఆయిలు లోపలికి ఊరుతుంది, గ్రీజును కడిగేస్తుంది. లోపలికి వెళ్లిన ఆయిలు బయటికి రాదు, మారదు, అక్కడే మాగిపోతుంది. గుండ్లు గరుకెక్కుతాయి, షాఫ్టు ఊగుతుంది, గొలుసు లయ తప్పుతుంది. ఆపైన మూసుకోవాల్సిన వాల్వు తెరిచి ఉండగానే పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. అరచేతిలో ఇమిడే బేరింగు పోతే ఇంజను మొత్తం పోతుంది. 2001 నుంచి 2005 మోడళ్ల యజమానులు అమెరికాలో వేసిన ఉమ్మడి దావా 2013లో రాజీతో ముగిసింది. ఒకే వరస గుండ్లున్న బేరింగుల్లో నూటికి సుమారు ఎనిమిది దెబ్బతిన్నాయని, అంతకుముందు వాడిన రెండు వరసల రకంలో నూటికి ఒకటి కూడా లేదని ఆ దావా తర్వాత ఈ రంగంలో అందరూ చెప్పుకునే లెక్క. బాగున్న రకాన్ని తీసేసి అల్పమైన రకాన్ని పెట్టారన్నమాట.

దీనికి మందు కనిపెట్టింది బయటి మెకానిక్కులు. అమెరికాలో ఎల్‌ఎన్ ఇంజనీరింగ్ వంటి చిన్న సంస్థలు మొదట సిరామిక్ గుండ్ల బేరింగు చేశాయి. తర్వాత బేరింగునే తీసేసి, ఒత్తిడితో ఆయిలు అందే నున్నటి గాడిని అమర్చే ఏర్పాటు వచ్చింది. అంటే చుట్టూ తిరిగి 1960ల మెట్స్‌గర్ దగ్గరికే చేరారు. పోర్షే 2009 మోడల్ నుంచి మామూలు 911లో, అంటే కరేరాలో, ఆ షాఫ్టే లేకుండా కొత్త ఇంజను కట్టింది.

ఇప్పుడు వారంటీ. 2002 నాటి 911కి వేల డాలర్ల వారంటీ కొనాలా? కొత్త ఇంజను బిగింపుకు 20,000 డాలర్లవుతుందనుకుందాం. నూటికి ఎనిమిది చొప్పున, మీ నెత్తిన సగటున పడే బరువు 1,600. వారంటీకి అంతకు రెండింతలు అడిగితే మిగిలింది అమ్మేవాడి లాభం. సగటు లెక్క ఆ ఎనిమిదిలో పడినవాడిని ఓదార్చదు, నిజమే. కానీ ఈ లోపం ఎక్కడుందో తెలుసు, ఎందుకొస్తుందో తెలుసు, గేరుబాక్సు దించితే చెయ్యి అందుతుంది. క్లచ్ మార్చే రోజున ఎలాగూ గేరుబాక్సు దిగుతుంది, ఆ రోజే బేరింగు మార్పించేయొచ్చు. తెలిసిన లోపానికి పూచీ కొనడమెందుకు, ఆ డబ్బుతో లోపాన్నే తీసేయొచ్చు కదా. దీనికి మినహాయింపు 2006 నుంచి 2008 దాకా వచ్చిన మామూలు 911 ఇంజన్లు. వాటిలో బేరింగు పెద్దది, గట్టిది, అయితే ఇంజనును రెండు ముక్కలు చేస్తే తప్ప బయటికి రాదు. అక్కడ వారంటీ గురించి ఆలోచించడంలో అర్థముంది.

మెట్స్‌గర్ ఇంజను కొన్నవాడికి ఏ దిగులూ లేదనుకోకండి. ఇంత గొప్ప ఇంజనుకు నీళ్ల గొట్టాల మూతులను జిగురుతో అతికించారు. కూలెంట్ వెళ్లే అల్యూమినియం మూతులను పోత హౌసింగులోకి దిగ్గొట్టి, బంకతో బిగించారు. వందల సార్లు వేడెక్కి చల్లారాక బంక పట్టు సడలుతుంది. ఒక రోజు ట్రాకు మీదో హైవే మీదో మూతి ఊడి, కూలెంట్ మొత్తం వెనక టైర్ల ముందే ఒలికిపోతుంది. ఇంజనుకు ముప్పే, మనిషికి అంతకంటే పెద్ద ముప్పు. లె మాన్స్ గెలిచిన ఇంజనీర్లు ఆ జిగురును ఎలా ఒప్పుకున్నారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. మందు మాత్రం సులువు: ఇంజను దించి, మూతులను వెల్డింగ్ చేయించడం, లేదా అడ్డంగా పిన్నులు దిగ్గొట్టించడం. ఇదీ తెలిసిన లోపమే కాబట్టి నా తీర్పు మారదు.

ఈ కార్ల పనితనంలో నన్ను అన్నిటికంటే ముగ్ధుణ్ని చేసేది లోహం కాదు, ఇంజను కంప్యూటరు దాచుకునే డైరీ. మాన్యువల్ గేరుబాక్సులో ఐదు నుంచి నాలుగుకు రావాల్సినవాడు పొరపాటున రెండులో వేస్తే, చక్రాలే ఇంజనును హద్దు దాటించి తిప్పుతాయి. రెవ్ లిమిటరు పెట్రోలు ఆపగలదు గానీ చక్రాలను ఆపలేదు. 2004లో వచ్చిన 997 రకం నుంచి ఇలా హద్దు దాటిన వేగాలను ఆరు అంచెలుగా విడదీసి కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది: ఏ అంచెలో ఎన్ని ఇగ్నిషన్లు, ఆఖరిది ఇంజను ఎన్నో గంటలో జరిగింది. ఆరు సిలిండర్ల ఇంజను 8,500 చుట్ల దగ్గర సెకనుకు 425 సార్లు పేలుతుంది, కాబట్టి రెప్పపాటు తప్పు కూడా అక్కడ వందల అంకెగా కనిపిస్తుంది. పై అంచెల్లో ఈమధ్యే అంకెలు పడ్డ కారును పోర్షే తన వారంటీలోకి తీసుకోవడానికి జంకుతుంది. కొనేవాడు అడగాల్సిన మొదటి కాగితం ఆ ప్రింటవుటు. అమ్మేవాడు మాట మార్చవచ్చు, ఇంజను మార్చదు.

కంపెనీ తనంతట తాను పూచీ పడ్డ సందర్భమూ ఒకటుంది. 2013లో వచ్చిన 991 జీటీ3లో మెట్స్‌గర్ ఇంజను లేదు. 9,000 చుట్లు తిరిగే కొత్త ఇంజను పెట్టారు. 2014లో రెండు కార్లు తగలబడ్డాయి. కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులవడమే కారణమని తేలింది. అప్పటికి అమ్మిన 785 కార్లన్నిటికీ కొత్త ఇంజన్లు మార్చారు. ఆ తర్వాత ఆ తరం ఇంజన్లలోనే వాల్వులను నొక్కే వేళ్లలాంటి ముక్కలు అరుగుతున్నాయని బయటపడితే, ఇంజను పూచీని పదేళ్లకు పెంచారు. ఆ పదేళ్ల గడువు ఇంకా మిగిలి ఉన్న కారు దొరికితే పైన ఇంకో వారంటీ కొనడం ఇంజను వరకు దండగే.

మరి ఎక్కడ కొనాలి? పీడీకే ఉన్నచోట. 2009 మోడల్ 911తో వచ్చిన ఈ ఏడు గేర్ల డబుల్ క్లచ్ గేరుబాక్సు నిజంగా అద్భుతం. ఒక క్లచ్ వదిలేలోపే రెండోది అందుకుంటుంది, కారు ఊపు తెగదు. ఆయిల్లో మునిగిన క్లచ్ ప్లేట్లు, ఒత్తిడి వాల్వులు, లోపలి ఫోర్కులు ఎక్కడున్నాయో కొలిచే సెన్సర్లు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. చాలా ఏళ్లపాటు డీలర్లకు లోపలి భాగాలు విడిగా అందలేదు. చిన్న సెన్సరు పోయినా గేరుబాక్సు మొత్తం మార్చమనే చెప్పేవారు. ఎప్పుడు పోతుందో చెప్పలేం, ముందుగా బాగుచేయించే వీల్లేదు, పోతే ఖర్చు భారీ. పూచీ కొనాల్సింది ఇలాంటిదానికే.

ఆ పూచీ పోర్షేదే అయితే మేలు. దాని అప్రూవ్డ్ వారంటీకి ముందు కారును 111 అంశాల్లో పరీక్షిస్తారు. చాలా దేశాల్లో కారుకు పదిహేనేళ్లు నిండేదాకా పొడిగించుకోవచ్చు. టైరు పక్క గోడ మీద ఎన్ అక్షరం, పక్కన అంకె ఉందా అని కూడా చూస్తారు. అది పోర్షే పరీక్షించి ఒప్పుకున్న టైరని గుర్తు. నాలుగు టైర్లు చవగ్గా దొరికాయని వేరే రకం వేయించినవాడు అక్కడ ఇరుక్కుంటాడు. బయటి సంస్థల కాగితాల్లో నేను వేలు పెట్టి చదివే వాక్యాలు రెండే. విరిగిన భాగం వల్ల పాడైన మిగతా భాగాలకు డబ్బిస్తారా? కారణం తెలుసుకోవడానికి ఇంజను విప్పే కూలీ ఎవరిది? మొదటిదానికి కాదని ఉంటే, బేరింగుకు డబ్బొచ్చి ఇంజనుకు రాదు. బ్రేకులు, క్లచ్ ప్లేట్లు, టైర్లు ఎవరూ ఇవ్వరు, అవి అరిగేవి. స్పోర్ట్స్ కారుకు ఖాయంగా అయ్యే ఖర్చు మాత్రం అంతా అక్కడే. ఇంకో సంగతి: బయటి పార్టు వేయించారనే ఒక్క కారణంతో కంపెనీ వారంటీ రద్దు చేయడానికి అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఒప్పుకోదు, చెడింది ఆ పార్టు వల్లేనని చూపించాలి. సర్వీసు కాంట్రాక్టు పేరుతో అమ్మే బయటి కాగితాలు మాత్రం తాము రాసుకున్న షరతుల మీదే నడుస్తాయి.

నా స్నేహితుడెవరైనా ఇప్పుడు అడిగితే, 2002 కరేరాకు వద్దంటాను, బేరింగు మార్పించమంటాను. 2008 జీటీ3 అయితే ఆ ఆరు అంచెల ప్రింటవుటు తెప్పించి, వెల్డింగుకు డబ్బు పక్కన పెట్టమంటాను. పీడీకే ఉన్న 2012 కరేరా ఎస్ అయితే, పోర్షే ఇచ్చే వారంటీ గడువు ఇంకా మిగిలి ఉంటే, సంతకం పెట్టేముందు టైర్ల మీద ఎన్ ఉందో లేదో వంగి చూసుకోమంటాను.