పేరుప్రతిష్ఠలకు కొలబద్ద : మనోభావ విశ్లేషణ సాధనముల విమర్శ

సరకు మంచిదైనచో పేరు దానంతట అదే వచ్చునని మన పెద్దల నమ్మకము. ఒక ఊరి సంతవరకు ఇది చాలమట్టుకు నిజమే. నరసరావుపేటలో ఒక దుకాణమున కొన్న పత్తివిత్తనము మొలవనిచో, ఆ వార్త నాలుగు దినములలో చుట్టుపట్ల గ్రామములకెల్ల పాకును. దుకాణదారుడును ఆ మాట స్వయముగా వినును. విని, సమాధానము చెప్పుకొనును. కాని నేటి పెద్ద సంస్థల సరకు కొనువారు కోట్లమంది. వారు ఫోనులపై, కంప్యూటర్లపై దినదినము వ్రాయు అభిప్రాయములు లక్షలు. వానినన్నిటిని చదువుటకు మనుష్యులు చాలరు. ఈ అవసరమునుండి పుట్టినదే మనోభావ విశ్లేషణము. దీనినే వ్యాపారులు సెంటిమెంట్ ఎనాలిసిస్ అందురు.

ఈ సాధనములను అమ్ము సంస్థలు చెప్పునది ఇది: ప్రజలు వ్రాసిన ప్రతి మాటను మా సాఫ్ట్‌వేర్ చదువును, అనుకూలము, ప్రతికూలము, తటస్థము అని మూడు కుప్పలుగా పోయును, మీ పేరు ఏ గంటకు ఎట్లున్నదో ఒక అంకెగా చూపును, అంకె తగ్గినచో వెంటనే మేల్కొని చక్కదిద్దుకొనవచ్చును. వినుటకు ఇది జ్వరమానివలె తోచును. జ్వరమానిని నమ్ముటకు ముందు అది కొలుచునదేదో, ఎంత తప్పుతో కొలుచునో విచారించుట విజ్ఞానశాస్త్ర విద్యార్థి ధర్మము. ఈ వ్యాసమున ఆ విచారణయే చేయబడుచున్నది.

సాధనము పనిచేయు తీరు

మొదట తోచు పద్ధతి మిక్కిలి సులభమైనది. "మంచి", "రుచి", "చక్కని" వంటి మాటలొక పట్టిక. "చెడు", "మోసము", "నాసి" వంటి మాటలొక పట్టిక. ఏ పట్టికలోని మాటలు ఎక్కువగా కానవచ్చునో అదియే వాక్యభావము. 2002లో అమెరికాలో పాంగ్, లీ, వైద్యనాథన్ అనువారు సినిమా సమీక్షలపై ఈ పద్ధతిని పరీక్షించిరి. ఇరువురు విద్యార్థులు తమకు తోచిన మాటలతో పట్టికలు కూర్చగా, ఒకరి పట్టిక నూటికి 58, మరొకరిది 64 సమీక్షలను మాత్రమే సరిగా గుర్తించెను. అనుకూల సమీక్షలును ప్రతికూల సమీక్షలును సమానముగా నున్నపుడు నాణెము నెగురవేసినను 50 సరిపోవును గదా! ముందుగా మనుష్యులు విభజించిన సమీక్షలను యంత్రమునకు చూపి నేర్పినపుడు ఫలితము దాదాపు 83కు పెరిగెను.

అదే సంవత్సరమున పీటర్ టర్నీ అను శాస్త్రజ్ఞుడు మరియొక విషయము చూపెను. ఒకే పద్ధతి కార్ల సమీక్షలపై నూటికి 84 సరిగా చెప్పగా, సినిమాల సమీక్షలపై 66 మాత్రమే చెప్పెను. కారణము తెలిసికొనదగినది. "ఎటు తిరుగునో తెలియదు" అను మాట కారు విషయమున పెద్ద దోషము, కథ విషయమున గొప్ప గుణము. అనగా మాటకు తనంతట తాను మంచిచెడ్డలు లేవు. దేనినిగూర్చి పలుకబడినదో దానినిబట్టి అవి వచ్చును. నేటి పెద్ద భాషానమూనాలు మాట చుట్టునున్న సందర్భమును గూడ లెక్కలోనికి తీసికొని, ఆనాటివానికంటె చాల మెరుగుగా పనిచేయుచున్నవి. అయినను ఒక రంగమున సరిపోయిన సాధనమును మరియొక రంగమునకు పరీక్ష లేక తరలించరాదను టర్నీ పాఠము నేటికిని చెల్లుచున్నది.

తెలుగు వాక్యముతో వచ్చు చిక్కులు

మన భాషలో ఈ పని ఎంతవరకు జరిగినది? హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థకు చెందిన ముక్కు సందీప్ శ్రీచరణ్, మామిడి రాధిక 2017లో "ఆక్ట్సా" అను వాక్యసంపుటిని ప్రకటించిరి. దీనియందు 5,400కు పైగా తెలుగు వాక్యములు గలవు. తెలుగు మాతృభాషగా గలవారు ఒక్కొక్క వాక్యమును చదివి, దాని భావమును గుర్తించి, మూడు తరగతులుగా విభజించిరి. ఇది నిజముగా శ్లాఘింపదగిన కృషి. పరభాషా పట్టికలను అనువదించుకొని తృప్తిపడక, తెలుగు వాక్యమును తెలుగువారే తూచిన పని యిది.

అయితే దాని పరిమితిని గూడ గ్రహింపవలెను. ఈ సంపుటికి ముఖ్యాధారము వార్తాపత్రికల భాష. పత్రికావాక్యము కుదురైనది, వ్యాకరణమునకు లోబడినది. ఒక వినియోగదారుడు కోపముతో వ్రాయు మాట అట్టిది కాదు. పత్రికాభాష నేర్చిన యంత్రమును హోటలు భోజనముపై వచ్చిన వ్యాఖ్యలకు పెట్టుట, పాలకు చేసిన కొలపాత్రతో నూనె తూచుటవంటిది.

ఈ మూడు వాక్యములను గమనింపుడు: "సర్వీసు బాగుంది", "సర్వీసు బాగానే ఉంది", "సర్వీసు బాగుందిలే". మొదటిది మెప్పు. రెండవదానిలో "నే" అను ఒక్క అక్షరము చేరి మెప్పును సగము చేసినది. మూడవదానిలో "లే" చేరి, మాటలాడువానికి తృప్తి లేదని తెలుపుచున్నది. లేదా ఎదుటివాని నోరు మూయించుచున్నది. "బాగుంది మీ వరస" అన్నచో అది పూర్తిగా దెప్పుట. "ఏం బాగుంది!" అన్నచో నింద. పట్టికనుబట్టి చూచు యంత్రమునకు ఈ అయిదింటను కనబడునది "బాగు" ఒక్కటే.

మన భాషలో వ్యతిరేకార్థము తరచుగా క్రియలోనే కలిసియుండును. ఇంగ్లీషువలె ప్రత్యేకమైన "కాదు" మాట ముందు రాదు. "పనిచేస్తుంది", "పనిచేయదు" అనువానికి భేదము చివరనే గలదు. ఒక్కొక్క క్రియకు కాలము, పురుషము, వచనము, విధి, నిషేధము మొదలగువానినిబట్టి వందలకొలది రూపములు కలుగును. వానినన్నిటిని యంత్రమునకు చూపవలెనన్న 5,400 వాక్యములు సముద్రమున చెంబెడు నీరు.

మరియు పల్నాటి ఉదాహరణమొకటి. "మంట పుట్టించింది" అను మాట ముఖమునకు పూయు క్రీముపై వచ్చినచో ఫిర్యాదు. మాచర్ల, దుర్గి ప్రాంతపు మిరపకాయలతో కొట్టించిన కారముపై వచ్చినచో మెచ్చుకోలు! వీనికితోడు, నేటి యువకులు తెలుగు మాటలను ఆంగ్లలిపిలో, ఒకే మాటను నాలుగైదు వర్ణక్రమములతో వ్రాయుచున్నారు. ఒకే వాక్యమున రెండు భాషలు కలిసిపోవుచున్నవి. చదువు మనిషికి ఇవి అడ్డు గావు. యంత్రమునకు ఒక్కొక్కటియు క్రొత్త మాటయే.

నూటికి ఎనుబది అన్న అర్థమేమి?

"మా సాధనము నూటికి 80 ఫిర్యాదులను పట్టగలదు" అని ప్రకటన చూచి, ఇరువదింటిలోనే గదా తప్పు అని తృప్తిపడుదుము. ఒక ఊహాలెక్క చేసి చూతము. ఒక సరకుపై 1,000 అభిప్రాయములు వచ్చినవి. వానిలో నిజమైన ఫిర్యాదులు 100. సాధనము వానిలో 80 పట్టినది. మిగిలిన 900 వాక్యములలో నూటికి 10 చొప్పున పొరపాటుగా ఫిర్యాదులని గుర్తించినది, అవి 90. మొత్తము 170 ఫిర్యాదులని తెరపై చూపును. ఆ 170లో సగమునకు మించి, అనగా 90, ఫిర్యాదులే కావు!

సరకు చెడి, నిజమైన ఫిర్యాదులు 200కు పెరిగినవనుకొందము. సాధనము 200లో 160 పట్టును. మిగిలిన 800లో 80 పొరపడును. మొత్తము 240 చూపును. నిజముగా ఫిర్యాదులు రెట్టింపు కాగా, తెరపై అంకె 170 నుండి 240కి, అనగా నూటికి 41 వంతులు మాత్రమే పెరిగినది. కష్టము ఎంత పెరిగినదో అధికారికి తెలియదు.

దీనికి ఔషధము కలదు. పొరపాట్ల పాళ్లు తెలిసినచో అసలు సంఖ్యను వెనుకకు లెక్కింపవచ్చును. వెయ్యింటికి 170 అనగా 0.17. దానినుండి తప్పుపట్టు పాలు 0.10 తీసివేసి, వచ్చిన 0.07ను, సరిగా పట్టు పాలు 0.80కిని తప్పుపట్టు పాలు 0.10కిని గల భేదమగు 0.70తో భాగించిన 0.10 వచ్చును. అదియే నిజమైన పాలు. కాని ఈ రెండు పాళ్లును తెలియవలెనన్న కొన్ని వందల తెలుగు వాక్యములను మనుష్యులు చదివి, యంత్రము చెప్పినదానితో సరిపోల్చవలెను. ఇట్లు సరిచూడని సాధనము చూపు అంకె, సున్న ఎక్కడనో తెలియని కొలబద్దవంటిది.

మాటలాడనివారి మాట

వాక్యములనన్నిటిని యంత్రము తప్పులేకుండ చదివినదే అనుకొందము. అప్పటికిని మరియొక ప్రశ్న మిగులును: వ్రాసినవారెవరు?

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు "లిటరరీ డైజెస్ట్" అను పత్రిక దాదాపు కోటిమందికి ప్రశ్నపత్రములు పంపెను. 23 లక్షలకు పైగా జవాబులు వచ్చినవి. లాండన్ గెలుచునని ఆ పత్రిక చెప్పెను. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రములలో 46 గెలిచెను. టెలిఫోను జాబితాలనుండి, మోటారు కార్లు గలవారి జాబితాలనుండి పేర్లు ఏరుకొనుటయు, జవాబు పంపవలెనను పట్టుదల గలవారే పంపుటయు ఈ తప్పునకు కారణములని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. చాల తక్కువమందిని క్రమపద్ధతిని అడిగిన గాలప్ సరిగా చెప్పెను. సంఖ్య పెద్దదగుటచే సత్యము దగ్గరకాదని ఈ కథ తెలుపును.

మన జిల్లాలో ఎరువులు, విత్తనములు, పురుగుమందులు కొనువారిలో ఎక్కువమంది తమ అసంతృప్తిని ఎచటను వ్రాయరు. దుకాణము ముందు నిలిచి అందురు. లేదా మరుసటి సంవత్సరము మరియొక దుకాణమునకు పోవుదురు. గురజాల రైతు మౌనము సాధనమునకు తృప్తిగానైనను కనబడదు. అసలు కనబడనే కనబడదు. అంకెను చూచి సంస్థ తన శ్రద్ధను పంచినచో, వ్రాయనేర్చిన పట్టణవాసికి సమాధానము దొరకును. అధిక నష్టము పొందిన పల్లెవానికి దొరకదు. నా దృష్టిలో ఈ సాధనముల ప్రధానదోషము ఇదియే.

అంకె ఒకసారి గొప్పదైనచో దానిని పెంచుటయే పనియగును. సరకు అందించు కుర్రవాడు "అన్నా, అయిదు నక్షత్రాలివ్వండి" అని వేడుకొనుట ఇప్పుడు మామూలు. డబ్బిచ్చి మెప్పులు వ్రాయించుకొనువారును గలరు. ఈ దోషము ముదిరినందుననే భారతీయ ప్రమాణముల సంస్థ 2022లో వినియోగదారుల సమీక్షలకు ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరింపవలసివచ్చెను.

పేరును నిలిపినది ఏది?

2010లో తాటిజాతి నూనె విషయమున గ్రీన్‌పీస్ సంస్థ చేసిన ప్రచారముచే దెబ్బతిన్న నెస్లే కంపెనీ, ప్రజల మాటలను నిరంతరము కనిపెట్టుటకు స్విట్జర్లాండులోని తన కేంద్రమున ప్రత్యేకమైన జట్టును నెలకొల్పెను. అయినను 2015లో మన దేశమున మాగీ నూడుల్స్‌లో సీసము మితిమీరినదను ఆరోపణ వచ్చినపుడు ఆ కంపెనీ మిక్కిలి చిక్కులలో పడెను. ఆ సంవత్సరము జూన్ 5న ఆహారభద్రతా ప్రాధికారసంస్థ సరకును వెనుకకు తీసికొనుమని ఆజ్ఞాపించెను. ఆగస్టు 13న బొంబాయి ఉన్నత న్యాయస్థానము ఆ ఆజ్ఞను కొట్టివేసి, మొహాలీ, జయపూరు, హైదరాబాదులందలి ప్రయోగశాలలలో మరల పరీక్షింపుమనెను. సీసము మితిలోనే యున్నదని తేలిన పిదప నవంబరులో సరకు తిరిగి అంగడికెక్కెను. ప్రజలు కోపించుచున్నారని తెలిసికొనుటకు ఏ సాధనమైనను చాలును. పదిలక్షల పాళ్లలో రెండున్నర పాళ్లకు మించి సీసమున్నదా, లేదా అను ప్రశ్నకు జవాబు రసాయనశాస్త్రజ్ఞుడే చెప్పవలెను.

మన మిరపకు సంబంధించిన కథ ఇంతకంటె సన్నిహితమైనది. సూడాన్-1 అను ఎర్రని రంగు మైనములకు, పాలిష్‌లకు వాడునది, ఆహారమున నిషిద్ధము. భారతదేశమునుండి పోయిన కారపుపొడిలో అది కనబడగా, 2003లో ఐరోపా సమాజము పరీక్షాపత్రము లేని మిరప సరకును రానీయరాదని నిర్ణయించెను. 2005లో బ్రిటనులో అట్టి పొడి కలిసిన ఒక సాస్ కారణముగా వందలకొలది ఆహారపదార్థములను దుకాణములనుండి తొలగింపవలసివచ్చెను. రంగు కలిపినవాడొకడు, చెడ్డపేరు మోయవలసినది ఎండలో కాయలారబెట్టుకొను రైతులందరును. ఆ పేరును ప్రకటనలు చక్కదిద్దలేదు. మన సుగంధద్రవ్యముల బోర్డు ఎగుమతియగు ప్రతి మిరప సరకునకు ఈ రంగు పరీక్షను నిర్బంధము చేసెను. కొనువానికి కావలసినది ఆ ధ్రువపత్రము.

తీర్పు

ఈ సాధనములు వ్యర్థములని నా అభిప్రాయము కాదు. ఒకే దినమున ఫిర్యాదులు హఠాత్తుగా పెరిగినచో అవి హెచ్చరింపగలవు. ఏ ఊరినుండి, ఏ సరకుపై వచ్చుచున్నవో చూపగలవు. కుక్క మొరిగినపుడు యజమాని లేచి చూచినట్లు, ఆ హెచ్చరిక విని మనిషి లేచి వాక్యములను స్వయముగా చదువవలెను. మొరుగుటను మాన్పించుటయే పేరును కాపాడుటయని భావించు సంస్థలకు మాత్రము ఇవి హాని చేయును.

మన కళాశాలల విద్యార్థులనేకులు రేపు ఇట్టి సాధనములను నడుపు ఉద్యోగములలో చేరుదురు. ఉన్నత పాఠశాలలలోనే ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. అందరికి తెలిసిన ఒక సరకుపై 100 తెలుగు అభిప్రాయములు సేకరించి, ఇరువురు విద్యార్థులచే వేరువేరుగా అనుకూల ప్రతికూలములను గుర్తింపజేయుడు. ఎన్నింట ఏకీభవించిరో లెక్కింపుడు. కాని ఒక హెచ్చరిక: ఇరువురును చదువకయే నూటికి 80 వాక్యములకు "అనుకూలము" అని ఇష్టము వచ్చినట్లు వ్రాసినను, సగటున 68 వాక్యములలో ఏకీభవింతురు. 0.8ను 0.8తోను, 0.2ను 0.2తోను గుణించి కూడిన ఈ సంఖ్య వచ్చును. 1960లో జేకబ్ కోహెన్ ఈ యాదృచ్ఛిక భాగమును తీసివేసి నిజమైన ఏకాభిప్రాయమును కొలుచు సూత్రమును చెప్పెను. పిదప ఆ 100 వాక్యములనే ఫోనులో దొరకు ఏదేని సాధనమునకిచ్చి పోల్చుడు. ఇరువురు పల్నాటి విద్యార్థులు "బాగానే ఉంది" అను మాటపై ఏకీభవింపలేకపోయిన చోట యంత్రము నిస్సంశయముగా జవాబు చెప్పినచో, ఆ జవాబును ఎందుకు నమ్మవలెనో తరగతిలో చర్చింపుడు.