గుడ్లగూబ బాణీ ఎవరి చేతికిచ్చారు?

హారీ పోటర్ సినిమాలు మొత్తం 8. 2001లో మొదలై 2011లో ముగిశాయి. హారీగా వేసిన అబ్బాయి మారలేదు, అతని స్నేహితులు మారలేదు, సంగీత దర్శకులు మాత్రం నలుగురు మారారు. ఈ మాట మా క్లాసులో వస్తే చాలామంది అనేది ఒకటే: మొదటాయన జాన్ విలియమ్సే అన్నీ చేసుంటే ఎంత బాగుండేదో అని. నేను ఒప్పుకోను. ఆయన గొప్పతనం మీద నాకు అనుమానమేం లేదు. ఆయన చేసిన 3 సినిమాల్లో రెండింటి సంగీతం ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

ముందు ఆయన ఏమిచ్చి వెళ్లారో చూద్దాం. హారీ పెంచుకునే తెల్ల గుడ్లగూబ పేరు హెడ్విగ్. (మన ఇంటిమీద గుడ్లగూబ వాలితే పెద్దవాళ్లు అపశకునం అంటారు. అక్కడ అదే పోస్ట్‌మ్యాన్!) దాని పేరుతో విలియమ్స్ ఒక బాణీ కట్టారు. సెలెస్టా అనే వాద్యంతో అది మొదలవుతుంది. చూడటానికి చిన్న పియానోలా ఉంటుంది గానీ, మీట నొక్కితే లోపల సుత్తి లోహపు పలకను కొడుతుంది. అందుకే గంటలు మోగినట్టు వినిపిస్తుంది. నాలుగు స్వరాలు వింటే చాలు, చిన్నపిల్లలు కూడా ఏ సినిమానో చెప్పేస్తారు.

అంత పేరున్న బాణీని వేరేవాళ్ల చేతికివ్వడం కష్టమే. నాలుగో సినిమాకు (2005) దర్శకుడు మైక్ న్యూయెల్ వచ్చారు, తనతో ముందే పనిచేసిన ప్యాట్రిక్ డోయల్‌ను తెచ్చుకున్నారు. డోయల్ గుడ్లగూబ బాణీని పూర్తిగా వదల్లేదు, అలాగని దానిమీదే బతకనూ లేదు. పోటీ చివర్లో హారీ మైదానంలోకి వచ్చి పడే సీను గుర్తుచేసుకోండి. గెలిచాడనుకుని జనం కేకలు వేస్తారు, స్కూలు బ్యాండు హుషారుగా మార్చ్ వాయిస్తుంది. హారీ పట్టుకుని ఏడుస్తున్నది సెడ్రిక్ శవాన్నని అప్పటికి ఎవరికీ తెలీదు. ఎవరో కెవ్వుమంటారు. సంగీతం చెదిరిపోతుంది. చచ్చిపోయిన పిల్లాడి చుట్టూ పండగ పాట! ఆ చోట విలియమ్స్ బాణీ వినిపించి ఉంటే మనకు మాయలు, మంత్రాలు, మొదటి సినిమా గుర్తొచ్చేవి. కొత్త మనిషి కట్టిన కొత్త మార్చ్ కాబట్టే ఆ స్కూలు నిజంగా మన స్కూల్లాంటిది అనిపించింది, దెబ్బ సూటిగా తగిలింది.

ఐదో సినిమాకు డేవిడ్ యేట్స్ దర్శకుడు. ఆయన కూడా టీవీ రోజుల నుంచి తనతో ఉన్న నికొలస్ హూపర్‌నే పిలిచారు. అంటే నిర్మాతలు వెతికింది అందరికంటే పెద్ద పేరు కోసం కాదు, దర్శకుడి మనసు తెలిసినవాళ్ల కోసం అనుకోవచ్చు. హూపర్ చేసినవాటిలో నాకు నచ్చింది అంబ్రిడ్జ్ టీచరు బాణీ. గులాబీ రంగు బట్టలు, గోడనిండా పిల్లిపిల్లల బొమ్మల ప్లేట్లు, చేసేవన్నీ క్రూరమైన పనులు. ఆమె వస్తుంటే సంగీతం భయపెట్టదు, ముద్దుగా గెంతుతూ పోతుంది. అదే ఎక్కువ భయం. ఆరో సినిమాలో మాత్రం కొన్నిచోట్ల సంగీతం ఉందో లేదో తెలీదు, డంబుల్‌డోర్ చనిపోయాక పిల్లలంతా మంత్రదండాలు పైకెత్తే చోటు తప్ప.

మన సినిమాల సంగతి వేరు. శంకర్ తీసిన భారతీయుడు (1996)కి రెహమాన్, భారతీయుడు 2 (2024)కి అనిరుధ్. మధ్యలో 28 ఏళ్లు. అనిరుధ్‌ను రెహమాన్‌తో పోల్చి తక్కువ చేసినవాళ్లు చాలామంది. నేను అంత తొందరగా తీర్పు చెప్పను. మొదటి సినిమా నుంచి జనానికి గుర్తున్నవి పాటలు. బాణీనైతే వెనకాల వచ్చినవాడు నెమ్మదిగా వాయించొచ్చు, తిరగేయొచ్చు, దాచిపెట్టి చివర్లో వినిపించొచ్చు. పాటనేం చేస్తాడు? దానితో పోటీకి ఇంకో పాట కట్టాలి, అంతే. ఆ పోటీలో వెనకాల వచ్చినవాడే ఓడతాడు.

చివరి రెండు సినిమాలకు అలెగ్జాండర్ దేస్‌ప్లా. దర్శకుడు యేట్సే అయినా హూపర్ లేరు, కాబట్టి నేను పైన చెప్పిన లెక్క ఇక్కడ కుదరదు. దేస్‌ప్లా పాత బాణీని బాగా తగ్గించేశారని అభిమానులు గొడవపడతారు. కానీ ఏడో సినిమా మొదట్లోనే హెడ్విగ్ చచ్చిపోతుంది కదా! పిల్లలు స్కూలే మానేసి అడవుల్లో తిరుగుతుంటే సెలెస్టా ఎక్కడ మోగాలి? దాన్ని అంతసేపు ఆపి ఉంచారు కాబట్టే చివర్లో, 19 ఏళ్ల తర్వాతి రైల్వే స్టేషన్లో, మళ్లీ విలియమ్స్ సంగీతం వినిపిస్తే గొంతు పట్టేస్తుంది. అది గుడ్లగూబ బాణీ కూడా కాదు. మొదటి సినిమా ఆఖర్న, సెలవులకు హారీ స్కూలు వదిలి వెళ్లేటప్పుడు వచ్చిన సంగీతం. ఇప్పుడు రైలెక్కేది హారీ కొడుకు. ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసేది హారీ.