ఐసు విప్పే రంగుల గుట్టు

ఐసు ముక్కల మీద చిటికెడు నల్లరంగు పొడి చల్లండి. ఐసు కరిగేకొద్దీ కింది బట్ట మీద ఓ పక్క నీలం, ఓ పక్క ఎరుపు, మధ్యలో ఎక్కడో నారింజ చార తేలతాయి. డబ్బా మీద పేరు ఒకటే. లోపల మాత్రం మూడు నాలుగు రంగుల ఉమ్మడి కాపురం. తొట్టెలో కలిపి ముంచితే ఆ కాపురం గుట్టుగా సాగుతుంది. ఐసు వేరు కాపురాలు పెట్టిస్తుంది. కరిగిన నీరు బొట్టుబొట్టుగా దిగుతుంటే, తొందరగా నూలును పట్టే రంగు పడ్డచోటే ఆగిపోతుంది, తక్కినవి నీటి వెంట పాకుతాయి. ఐస్ డైయింగ్‌లో డిజైనరు మనిషి కాదు, పొడి.

పని చిన్నదే. గంజి పూర్తిగా వదిలేలా ఉతికిన నూలు బట్టను బట్టల సోడా నీళ్లలో పావుగంట నానబెట్టి పిండాలి. (వంట సోడా కాదు, దాని క్షారం చాలదు.) తొట్టె మీద జల్లెడ పెట్టి, బట్టను ముడతలు ముడతలుగా పరిచి, పైన ఐసు, ఆపైన పొడి. జల్లెడ లేకపోతే బట్ట కిందికి జారిన బురదరంగు నీళ్లలోనే పడి ఉంటుంది. పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు లేకుండా డబ్బా మూత తియ్యకూడదు.

అన్ని పొడులూ ఈ పనికి రావు. మన రంగుల దుకాణాల్లో 'కోల్డ్ బ్రాండ్' అనేవే సరైనవి. వాటి మూలం మాంచెస్టర్‌లో ఉంది: 1954లో ఐసీఐ అనే రసాయనాల సంస్థ ప్రయోగశాలలో రాటీ, స్టీఫెన్ అనే రసాయనవేత్తలు నూలుతో రసాయనికంగా ముడిపడే రంగు కనిపెట్టారు. 1956లో అది ప్రోసియాన్ పేరుతో బజారుకొచ్చింది. వేడి నీళ్లు అక్కర్లేదు, గది వేడి చాలు. 'హాట్ బ్రాండ్'కు దాదాపు 80 డిగ్రీలు కావాలి, కాబట్టి ఐసు దానికి పగ. డైరెక్ట్ రంగులు ఉతుకుల్లో కారతాయి. యాసిడ్ రంగులు పట్టుకు, ఉన్నికి. వాటికి వెనిగరు, ఆవిరి తప్పవు. పాలిస్టర్‌ను ఇవేవీ అంటవు.

కోల్డ్ బ్రాండ్ కూడా ఐసు చలిలో మందకొడిగానే ఉంటుంది. ఐసు కరిగి బట్ట వెచ్చబడ్డాకే అసలు పట్టు. అందుకే ఎండిపోకుండా కవరు కప్పి 24 గంటలు వదలాలి. అన్నింటికన్నా బద్ధకం టర్కాయిస్ నీలానిది. దాని అణువు పెద్దది, తొందరపడితే ఉతుకు నీళ్లలోనే సగం పోతుంది. మన మే నెల ఎండ దానికి భలే వరం.

ముందు చన్నీళ్లతో జాడించి, తర్వాత వేడి నీళ్లు, సబ్బు. నూలును పట్టని రంగంతా వదిలి నీళ్లు తేటపడేదాకా విసుక్కోకూడదు. తొట్టెలో మిగిలిన నీళ్లు దాచి లాభం లేదు. సోడా తగిలిన రంగు ఒక రోజులో నీటితోనే కలిసిపోయి సత్తువ పోగొట్టుకుంటుంది.

కొత్త పొడి తెస్తే ముందు తడి టిష్యూ కాగితం మీద రెండు మూడు రేణువులు రాల్చి చూస్తాను. ఒక్క రంగే పాకితే అది ఒంటరి పొడి. ఊదా డబ్బాలోంచి గులాబీ, నీలం విడివిడిగా పాకితే, ఇంటికి ఐసు తెప్పించడమే.