టీవీ నోరు మూసి, రేడియో పెట్టి

శనివారం పొద్దున, మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న యాన్ ఆర్బర్‌లో ఏ మిషిగన్ అభిమానిని కదిపినా ముందు టీవీ మీద పడతాడు. బద్ధ ప్రత్యర్థి ఒహాయో స్టేట్ వంతు ఆ తర్వాతే. ఆట కన్నా ప్రకటనలే ఎక్కువంటాడు. మధ్యాహ్నం పన్నెండింటికి ఆటేమిటంటాడు. కామెంటేటర్లకు మన కుర్రాళ్ళ పేర్లు కూడా సరిగ్గా పలకడం రాదంటాడు. నేనూ ఆ బాపతే. ఎంఎస్‌కని వెళ్ళి, పట్టా చేతికొచ్చాక కూడా కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి వదలని తెలుగువాళ్ళు అమెరికాలో చాలామందే ఉన్నారు. మాలో కొందరం తిట్టీ తిట్టీ విసిగి ఒక విద్య పట్టుకున్నాం. టీవీ నోరు మూసి, రేడియో పెట్టుకుని ఆట చూడటం.

చెప్పినంత తేలిక కాదది. టీవీ బొమ్మ, రేడియో మాట ఒకేసారి ఇంటికి చేరవు. యాంటెనా పెట్టి టీవీ చూస్తూ ఫోన్‌లో రేడియో వింటే మాట వెనకబడుతుంది. స్ట్రీమింగ్‌లో చూస్తూ మామూలు రేడియో పెడితే బొమ్మ వెనకబడుతుంది. బొమ్మ ముందుంటే కొంత నయం. కికాఫ్‌లో ఆటగాడి కాలు బంతికి తగిలిన క్షణాన టీవీని పాజ్ చేయాలి. రేడియోలో కామెంటేటర్ "తన్నాడు" అనగానే వదిలేయాలి. అర సెకను అటూ ఇటూ అయితే సర్దుకుపోవచ్చు. మాట రెండు సెకన్లు ముందుందంటే మాత్రం టచ్‌డౌన్ చెవిన పడ్డాక గానీ కంట పడదు, మజా అంతా పోతుంది. ఇంతా చేసి కుదిర్చాక ఒక ప్రకటనల విరామం వస్తుంది, లెక్క తప్పుతుంది, కథ మళ్ళీ మొదటికొస్తుంది. "ఆట చూస్తున్నారా, గడియారం బాగుచేస్తున్నారా?" అంటుంది మా ఆవిడ.

ఇంత తంటా ఎందుకో చెప్పాలంటే ఆట సంగతి కొంత చెప్పాలి. ఇందులో ఒక్కో ఎత్తు నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. అసలు రసం అంతా అంతకు ముందుంటుంది. ఇరవై రెండు మందీ ఎవరెక్కడ నిలబడ్డారు, వెనక కాపలా కాసే సేఫ్టీలు ముందుకు జరుగుతున్నారా, వెనక్కి తగ్గుతున్నారా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ అది గమనించి ఏం మార్చాడు అన్నది చూడాలి. టీవీ కెమెరా మైదానం పక్కన ఎత్తులో ఉండి బంతి చుట్టూ ఉన్న గుంపునే చూపిస్తుంది. సేఫ్టీలు చాలాసార్లు తెరలోకే రారు. బంతి విసరగానే కెమెరా దాని వెంట పరుగెడుతుంది. ఎవరికి విసిరాడో తెలుస్తుంది, వాడికే ఎందుకు విసిరాడో తెలియదు. జట్టు వేగంగా ఆడేదైతే మరీ కష్టం. రీప్లే వేసి, ప్రేక్షకుల్లో ఉన్న ఆటగాడి తల్లిని చూపించి వచ్చేలోగా తర్వాతి ఎత్తు సగం అయిపోయి ఉంటుంది.

రేడియో ఆయనకు అలా పక్కకు తిరిగే వీలు లేదు. చేతిలో మాట తప్ప మరేమీ లేదు కనుక బంతి ఏ గీత మీద ఉంది, ఇంకా ఎన్ని గజాలు కావాలి, ఏ వైపు ఎంతమంది నిలబడ్డారు, అన్నీ చెప్పి తీరాలి. పైగా ఆయన మనవాడు. 1945 నుంచి 1981 దాకా మిషిగన్ ఆటలకు రేడియో గొంతు బాబ్ యూఫర్. ఆ విశ్వవిద్యాలయం తరఫునే పరుగు పందేలలో పేరు తెచ్చుకున్నాడు. మైకు దగ్గర హారన్ పెట్టుకునేవాడు. మిషిగన్ టచ్‌డౌన్ చేస్తే మూడుసార్లు, ఫీల్డ్ గోల్ కొడితే రెండుసార్లు, ఎక్స్‌ట్రా పాయింట్‌కు ఒకసారి మోగించేవాడు. తటస్థంగా ఉన్నట్టు నటించిన పాపాన పోలేదు. టీవీ కామెంటేటర్‌కు అలా కుదరదు. ఆయన దేశమంతటికీ చెప్పాలి, చానెల్ మారుస్తూ దారితప్పి వచ్చినవాడికి కూడా అర్థమయ్యేలా చెప్పాలి. అందుకే ప్రతి వారమూ పరిచయాలతో మొదలుపెడతాడు. మన ఇంటి పెళ్ళికొచ్చి పెళ్ళికూతురెవరో మనకే చెప్పే చుట్టంలా ఉంటుంది ఆ వరస. అభిమాని కోపం అసలు అక్కడుంది.

పూర్వం బాగుండేదనుకుంటే పొరపాటు. టీవీలో చూపిస్తే స్టేడియానికి ఎవరూ రారన్న భయంతో 1950ల మొదట్లోనే కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ ప్రసారాలను గుప్పిట్లో పెట్టుకుంది. వారానికి కొద్ది ఆటలే తెరకెక్కేవి. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2తో ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. తీర్పుతో విభేదించి రాసిన న్యాయమూర్తి బైరన్ వైట్ ఒకప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయం జట్టులో పెద్ద తార. ఈ ఆటను మామూలు వ్యాపారంలా చూడకూడదన్నది ఆయన వాదన. వాదన నిలవలేదు, వ్యాపారం నిలిచింది. ఇవాళ పెద్ద జట్ల ఆటలన్నీ ఎక్కడో ఒకచోట వస్తున్నాయి.

ఆ "ఎక్కడో ఒకచోట" దగ్గరే మెలిక. 2007 సెప్టెంబర్ 1న అప్పలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టు మిషిగన్‌ను సొంత గడ్డ మీద 34-32తో ఓడించింది. ఆ ఆట వచ్చింది రెండు రోజుల ముందు మొదలైన బిగ్ టెన్ నెట్‌వర్క్ అనే చానెల్‌లో. పెద్ద కేబుల్ కంపెనీలతో ఒప్పందం ఇంకా కుదరలేదు. కాలేజీ ఆటల చరిత్రలో చెప్పుకోదగ్గ సంచలనాన్ని మిషిగన్‌లోనే ఎన్నో ఇళ్ళవాళ్ళు చూడలేకపోయారు. చూడకపోవడమే పుణ్యమన్నవాళ్ళ సంగతి వేరు. తర్వాత కూడా ఇదే వరస. 2023లో చార్టర్, 2024లో డైరెక్‌టీవీ, 2025లో యూట్యూబ్ టీవీ, ఇళ్ళకు చానెళ్ళు అందించే ఈ కంపెనీలు డిస్నీతో పేచీ పడ్డాయి, డిస్నీవారి ఈఎస్‌పీఎన్ వాటిలోంచి మాయమైంది. మూడూ ఫుట్‌బాల్ సీజన్‌లోనే. అభిమాని ఎప్పుడు ఆగలేడో రెండు పక్షాలకూ తెలుసు.

వేళ కూడా టీవీదే. చాలా ఆటలకు సమయం పన్నెండు రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందు గానీ తేలదు. ఫాక్స్ చానెల్ 2019 నుంచి తన పెద్ద ఆటను మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టుకుంది. ఒహాయో స్టేట్ ఊరు కొలంబస్, యాన్ ఆర్బర్ జనం రాత్రి ఆటలు కావాలని గోల పెడుతుంటే, హైదరాబాద్ తిరిగొచ్చేసిన పాత విద్యార్థులకు మాత్రం ఆ మధ్యాహ్నం, సీజన్‌లో చాలాభాగం, రాత్రి తొమ్మిదిన్నర, భోంచేసి కూర్చునే వేళ.

టీవీ తెచ్చే డబ్బంతా పాపపు సొమ్మని నేననను. 2025 నుంచి కళాశాలలు ఆటగాళ్ళకు నేరుగా చెల్లిస్తున్నాయంటే అందులో టీవీ సొమ్ముంది. నాకు అర్థం కానిది వేరొకటి. 2014 జనవరిలో ఫ్లోరిడా స్టేట్, ఆబర్న్ తలపడిన ఫైనల్‌ను ఈఎస్‌పీఎన్ ఒకేసారి పలు చానెళ్ళలో పలు రకాలుగా చూపించింది. ఒకచోట కోచ్‌లు కూర్చుని ఎత్తులు విప్పి చెప్పారు. తర్వాతి ఏళ్ళ పెద్ద ఆటల్లో సొంత ఊరి రేడియో గొంతును కూడా బొమ్మకు జత చేసి ఇచ్చింది. అంటే మేం పాజ్ బటన్‌తో పడే పాట్లకు మందు వాళ్ళ దగ్గర ఉంది. దాన్ని పండగ రోజు మాత్రమే బయటికి తీస్తున్నారు. ప్రతి శనివారం తీయమంటాను. మైదానమంతా కనిపించే కెమెరా ఒకటి, మన రేడియో వినిపించే బటన్ ఒకటి ఇస్తే చాలు. ప్రకటనలు మానమని కూడా అడగను. అవి వచ్చేటప్పుడు మాత్రం కెమెరా ఎటు తిరిగినా మాకు అభ్యంతరం లేదు.