రెండు వేళ్ళ సంగీతం, పది వేళ్ళ హడావిడి

జాంగో రైన్‌హార్ట్ పేరిట ఫ్రాన్సులో జరిగే గిటారు పండగకి వెళ్ళొచ్చానని చెప్పగానే మావాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "జిప్సీలంటే చెయ్యి చూసి జోస్యం చెప్పేవాళ్ళు కదూ?" అని. సంగీతం సంగతి ఒక్కరూ అడగలేదు! నిజానికి వాళ్ళ పూర్వీకులు మన దేశం నుంచే వెళ్ళారు. వాళ్ళ భాషలో మూడుని త్రిన్ అంటారు, అయిదు పాంజ్. అంతమాత్రాన మన లంబాడీల చుట్టాలేనని తేల్చెయ్యకండి, అది తొందరపాటు.

జాంగో 1910లో బెల్జియంలో పుట్టాడు. ఆఖరి రోజుల్లో పారిస్‌కి దగ్గర్లో సీన్ నది ఒడ్డునున్న సమోవా అనే ఊళ్ళో ఉండి, 1953లో నలభై మూడేళ్ళకే పోయాడు. పండగ ఆ ఊరిదే, నది మధ్య లంకలో చేసేవారు. 2016లో వరదొచ్చి, పక్కనే ఉన్న ఫాంటెన్‌బ్లో రాజప్రాసాదం తోటలోకి మారింది. నేను విన్నది అక్కడ.

వేదిక మీది కచేరీల గురించి ఉన్నమాట చెప్తాను. గంట వినేసరికి నాకు తల తిరిగింది. ఏమి వేగమండీ! ఒకడు నిమిషంలో ఎన్ని స్వరాలు కురిపిస్తే, తర్వాతివాడు అంతకు రెట్టింపు. జనం చప్పట్లూ దానికే. మన కచేరీల్లోనూ ఈ జబ్బు లేకపోలేదు, కల్పన స్వరాలు వడగళ్ళలా పడుతుంటే తలలూపేస్తాం. కానీ ఇక్కడ ఇంకో చిక్కుంది. 1930లలో జాంగో అప్పటికప్పుడు అల్లుకున్న వరసల్ని వీళ్ళు స్వరం పొల్లుపోకుండా బట్టీపట్టి వాయిస్తారు. ఆయనేమో ఒక చోట ఆగిన మనిషి కాడు, చివరి ఏళ్ళలో ఎలెక్ట్రిక్ గిటారు పట్టి కొత్త దారులు వెతికాడు. భక్తులు మాత్రం దేవుడు వదిలి వెళ్ళిన గుళ్ళోనే కూర్చున్నారు!

సంగీతం అసలు దొరికేది చెట్ల కింద. అక్కడ ఎవరైనా గిటారు పట్టుకుని వలయంలో కూర్చోవచ్చు. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు 'పోంప్' వాయిస్తారు. పోంప్ అంటే ఫ్రెంచిలో పంపు. తీగల్ని టక్కుటక్కుమని కొట్టి, వెంటనే నొక్కిపట్టే తాళం. డోలు లేని సంగీతం కదా, ఆ పని ఇదే చేస్తుంది. వంతు వచ్చినవాడు రెండు చుట్లు విజృంభించి, పక్కవాడికి కళ్ళతో సైగ చేసి తప్పుకోవాలి. తప్పుకోని వాళ్ళూ ఉంటారనుకోండి, పెళ్ళిళ్ళలో మైకు వదలని బంధువుల్లా. నేను చూసిన ఒక గుంపులో నడివయసు ఆవిడ గంటన్నర పోంప్ మాత్రమే వాయించింది. ఆవిడ మంచినీళ్ళకి లేచిన రెండు నిమిషాల్లో పాట నడుం విరిగింది. అప్పటిదాకా ఆవిడకేసి చూసినవాళ్ళు లేరు. వేదిక మీదైతే, నేనున్న రోజుల్లో గిటారు పట్టిన ఆడవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

జాంగో కథలోనూ అంతే. 1928 నవంబరులో ఆయన ఉంటున్న చక్రాల బండి ఇల్లు అంటుకుంది. ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు ముడుచుకుపోయాయి. కాలు తీసెయ్యాలన్నా ఒప్పుకోలేదు. మిగిలిన రెండు వేళ్ళతోనే కొత్తగా వాయించడం నేర్చుకుని, 1934లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెలీతో కలిసి మూడు గిటార్లు, ఒక వయొలిన్, ఒక బేస్ ఉన్న మేళం కట్టాడు. ఇదంతా ప్రతివాళ్ళూ ఒళ్ళు పులకరించేలా చెప్తారు. ఆ రాత్రి అంటుకున్నవేమిటో తెలుసా? భార్య బెల్లా అమ్మకానికి చేసిపెట్టిన సెల్యులాయిడ్ పువ్వులు. అప్పుడామె గర్భవతి. ఇల్లు గడవడానికి చేసిన చేతిపని మొత్తం బూడిదైంది. కథ చెప్పేవాళ్ళకి అవి నిప్పంటుకునే సరుకు, అంతే. ఆమె చేతుల గురించి అక్కడ నాతో మాట్లాడిన మనిషి లేడు.

ఇంట్లో కూర్చుని వినాలనుకుంటే వేగంగా సాగే పాటలు తర్వాత చూసుకోవచ్చు. ముందు 'న్యువాజ్' వినండి. మబ్బులని అర్థం. జర్మన్లు పారిస్‌ని ఆక్రమించిన 1940లో రికార్డు చేశాడు. జిప్సీల్ని నాజీలు పీడిస్తున్న కాలం. ఆ పాటలో తొందరన్నది లేదు.